సమానపు గుర్తు పెట్టకండి

పిల్లల ఇంగ్లీషు గైడుల్లో ఒక విచిత్రం చూస్తుంటాను. కాస్ట్, ప్రైస్, వాల్యూ అన్నీ ఒకటేనని, మధ్యలో సమానపు గుర్తులు పెట్టి, చివర 'ధర' అని అచ్చేస్తారు. పిల్లలు వల్లె వేస్తారు, మనం మురిసిపోతాం. నేను ఒప్పుకోను. ఒక్క అర్థానికి మూడు మాటలు కూర్చోబెట్టి మేపేంత ధర్మాత్ముడు కాదు ఇంగ్లీషువాడు!

మీరు స్వెట్టరు అల్లారనుకోండి. ఊలుకు పెట్టిన డబ్బూ, రాత్రుళ్ళు పడ్డ శ్రమా కలిపితే కాస్ట్. ఎవరైనా కొంటామంటే మీరు చెప్పేది ప్రైస్. అది వేసుకుని మనవడు చలిలో వెచ్చగా తిరుగుతుంటే, అదీ వాల్యూ.

"ఈ సన్న తేడాలు మనకెందుకమ్మా, మనమేం దొరసానులమా?" అంటారా? ఒకసారి మా ఎనుమాముల మార్కెట్ యార్డుకు రండి. మిర్చి బస్తాల మధ్య నిలబడితే తుమ్ములతో పాటు భాషాజ్ఞానమూ వస్తుంది. పొద్దున జెండా పాట అవుతుంది. మేలైన సరుకుకు ఖరీదుదార్లు పలికిన రేటు అది. పత్రికలో ఆ అంకె చూసి రైతులందరికీ అంతే ముట్టిందనుకుంటాం. చాలా బస్తాలు అంతకంటే తక్కువకే కాంటా ఎక్కుతాయి. బస్తాలు తెచ్చిన రైతమ్మను అడగండి. "రేటు వచ్చింది గని అక్కా, గిట్టలే" అంటుంది. ప్రైసుకూ కాస్టుకూ ఉన్న తేడా, ఏ గైడూ చదవకుండా, మూడు ముక్కల్లో చెప్పేసింది!

చదువుకున్నవాళ్ళమే కలగలిపేస్తున్నాం. సపోర్ట్ ప్రైస్ అంటే మద్దతు ధర, రెమ్యునరేటివ్ ప్రైస్ అంటే గిట్టుబాటు ధర. రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడేవాళ్ళెందరో! గోడ పడిపోకుండా పెట్టిన ఊతకర్ర ఇల్లవుతుందా? పత్తికి ఆ ఊతకర్రన్నా ఉంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిర్చి పేరే లేదు.

ఇక కాస్ట్ సంగతి. సాగు ఖర్చు మీద కనీసం సగం కలిపి ధర ఇవ్వాలని 2006లో స్వామినాథన్ గారి జాతీయ రైతు కమిషన్ చెప్పింది. 2018 బడ్జెట్లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తామంది. సంతోషమే, కానీ ఏ ఖర్చుకు? చేతినుంచి పెట్టిన డబ్బూ, ఇంటివాళ్ళ శ్రమకు లెక్కగట్టిన కూలీ కలిపితే ఒక కాస్ట్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వేస్తే ఇంకో పెద్ద కాస్ట్, దాన్నే 'సీ2' అంటారు. సర్కారు చిన్నదాన్ని పట్టుకుంది, రైతు సంఘాలు పెద్దది కావాలంటున్నాయి. మాట ఒకటే, చేతికొచ్చే డబ్బు మాత్రం వేరు.

ఆ 'ఇంటివాళ్ళ శ్రమ'లో ఉన్నదెవరనుకున్నారు? కలుపు తీసి, పత్తి తీసి, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళే. లెక్కల కాగితం దాన్ని 'లేబర్' అని ఒప్పుకుంది. ఇంట్లో మాత్రం "ఆమె కాస్త హెల్ప్ చేస్తుంది" అంటారు. లేబరుకు కూలి ఉంటుంది, హెల్పుకు ఉండదు. ఇంత చిన్న తేడాలో ఒక ఆడమనిషి బతుకంతా మాయమైపోతోంది. చూస్తూ ఊరుకుందామా?

వేలకు వేలు ఫీజులు కట్టి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పిస్తున్నాం. ఆ ఫీజు ప్రైస్. రేపు ఆ పిల్ల సర్కారు కాగితం చేతబట్టుకుని "కాస్ట్ అన్నారు సరే, ఏ కాస్ట్?" అని అడగగలిగిందా, అదీ ఆ చదువుకు వాల్యూ!