ఉత్సవ వ్యయము – రహస్యమేల?

2018 అక్టోబరున తిత్లీ తుపాను ఉద్దానమును నేలమట్టము చేసినప్పుడు, కవిటి రైతు పరిహారమునకై కూలిన కొబ్బరిచెట్లను ఒక్కొక్కటిగా అధికారులకు చూపవలసి వచ్చెను. ఎన్ని చెట్లు పడినవో, అవి యెవ్వరి భూమిలోనివో లెక్క తేలనిదే కాసు రాలలేదు. ప్రజాధనమునకు లెక్కయుండుట న్యాయమే; మేము కాదనము. ఆ న్యాయము దొరతనమువారి వేడుకలకు వర్తింపదా యనియే మా ప్రశ్న.

పొరుగు రాష్ట్రమైన తెలంగాణపు సంగతి చూడుడు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరపు గట్టున ఫార్ములా-ఇ విద్యుత్కారుల పందెము జరిగెను. నగరమునకు విశ్వఖ్యాతి వచ్చుననిరి. రెండవ పందెమునకై మహానగరాభివృద్ధి సంస్థ సొమ్మునుండి విదేశీ నిర్వాహకులకు సుమారు 55 కోట్ల రూపాయలు చెల్లింపబడెను. 2024 జనవరిలో ఆ పందెమే రద్దయ్యెను! ఆర్థికశాఖ యనుమతి లేకయే సొమ్ము పోయినదని యారోపించుచు, ప్రభుత్వము మారిన పిదప, 2024 డిసెంబరులో అవినీతి నిరోధకశాఖ కేసు పెట్టినది. ఆరోపితులు తమ తప్పేమియు లేదనిరి. దోషాదోషములు తేల్చుట న్యాయస్థానముల పని, పత్రికల పని గాదు. కాని ఒడంబడిక వ్రాసిననాడే దానిని ప్రజలముందుంచి యుండినచో నింత రచ్చకు తావుండెడిదా?

అడిగినచో ‘వ్యాపార రహస్య’మందురు. ఇది మెల్బోర్నులో గూడ వినబడిన మాటయే. అచటి కారుపందెపు హక్కు రుసుమును విక్టోరియా ప్రభుత్వము గోప్యముగనే యుంచుచు వచ్చినది. మన చట్టము అంత గుడ్డిది గాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టపు 8వ సెక్షను వ్యాపార రహస్యములను కాపాడుమాట నిజమే. కాని విస్తృత ప్రజాప్రయోజనము కోరినచో ఆ తెర తొలగవలసినదే. 4వ సెక్షనో, ప్రతి ప్రభుత్వసంస్థయు తన వ్యయ ప్రణాళికలను, చెల్లింపులను ఎవ్వరు నడుగకయే ప్రకటింపవలెనని శాసించుచున్నది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ముప్పది దినములు కాచుకొనుట మాబోటి వకీళ్లకు చెల్లునేమో గాని, పలాసలో జీడిపప్పు కూలికి బోవు స్త్రీకి చెల్లునా?

పలాసలో మూత్రపిండ రోగుల ఆసుపత్రిని, ఉద్దానపు 700 కోట్ల మంచినీటి పథకమును 2023 డిసెంబరులో ప్రారంభించినపుడు ఆ యంకెలను సభలో చాటిరి. కట్టడపు లెక్క చాటదగినదైనపుడు వేడుక లెక్క దాచదగినదెట్లయ్యెను?

బారువ తీరమున రేపు ఏ యుత్సవము జరిపినను మాకు సంతోషమే. వేదిక కట్టుటకు ముందే, ఎవ్వరికెంత, ఏ పద్దునుండి, రద్దయినచో తిరిగి వచ్చునదెంత – ఈ మూడును తెలుగున వ్రాసి కవిటి మండల కార్యాలయపు గోడకు అంటింపుడు.