మార్కులు లేని ఒక ప్రయోగం



పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఇది: "సైన్స్ బాగా రావాలంటే ఇంకా ఏం కొనాలి మేడమ్?" ఏమీ కొనొద్దు. ఇంట్లో ఉన్న అద్దం ఒకటి పిల్లల చేతికివ్వండి చాలు.

'అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి' అని మన పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. అది దేనికి పనికొస్తుందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఒక్క ఆదివారం ఇలా చేయించి చూడండి.

మన కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. అందుకే ఒకే వస్తువు రెండు కళ్లకూ కొద్ది తేడాతో కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును పసిగడుతుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో రెండు అద్దాలతో, గీసిన బొమ్మలతో ఈ సంగతి చూపించారు. మనకు ఒక అద్దం సరిపోతుంది.

బల్ల మీద రెండు మూడు వస్తువులు ముందూ వెనకా పెట్టండి. రెండు మీటర్ల దూరం నుంచి ఫోన్‌తో ఒక ఫొటో, ఫోన్‌ను 6 సెంటీమీటర్లు కుడికి జరిపి రెండో ఫొటో తీయించండి. మొదటి ఫొటోను ఎడిట్‌లో కుడి ఎడమలు మారేలా ఫ్లిప్ చేయాలి. దాన్ని ఎడమవైపు, రెండోదాన్ని కుడివైపు, ఒకే సైజులో ఏ4 కాగితం మీద పక్కపక్కన ప్రింట్ తీయాలి. అడుగు ఎత్తున్న, ఫ్రేము లేని అద్దం అంచులకు టేపు అంటించి, రెండు ఫొటోల మధ్య నిటారుగా నిలబెట్టాలి. మెరిసే వైపు ఎడమకు ఉండాలి. ముక్కును పై అంచుకు ఆనించి, ఎడమ కంటితో అద్దంలోకి, కుడి కంటితో నేరుగా కుడి ఫొటోను చూడాలి. అద్దాన్ని కొద్దికొద్దిగా వంచుతుంటే రెండు ఫొటోలూ ఒకటై, వస్తువులు ముందుకూ వెనక్కూ విడివడి కనిపిస్తాయి.

మొదటిసారే కుదరకపోవచ్చు. అప్పుడు మీరు అద్దం లాక్కుని సరిచేయకండి. "ఫ్లిప్ చేయకపోతే ఏమయ్యేది?" అని అడిగి ఊరుకోండి. ఫోన్ ఒకసారి, అద్దం ఒకసారి తిప్పాయి కాబట్టే బొమ్మ సరిగ్గా వచ్చిందని పిల్లలే కనిపెట్టాలి. షాపులో కొన్న ప్రాజెక్ట్ మోడల్‌కు మార్కులు రావచ్చు, ఈ ఆలోచన మాత్రం రాదు.

ఇంకో మాట. లోతు కనిపించలేదని కంగారు పడొద్దు, ఇది కంటి పరీక్ష కాదు. కానీ ఒక్కో కన్ను మూసి చూసినప్పుడు ఏదో ఒక కంటికి మసకగా ఉందంటే, కంటి డాక్టరుకు చూపించండి. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తున్న పిల్లలకు అది లోపమని తెలియదు, కాబట్టి చెప్పరు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

మీ పిల్లలు తీసిన ఫొటోల జతను సోమవారం స్కూలుకు పంపండి. క్లాసులో అందరం చూస్తాం.