కీ ఇచ్చి విన్న బీటిల్స్

ఇంటికి సున్నం వేయించేటప్పుడో, అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడో అటక మీద నుంచి ఓ రేకుపెట్టె దిగుతుంది. మూత తీస్తే కాగితం కవర్లలో నల్లటి గుండ్రటి పలకలు. వాటి మధ్యలో ఎర్ర కాగితం, దాని మీద బాకా ముందు కూర్చున్న కుక్క బొమ్మ. ‘ఇవేంటి తాతా?’ అని మనవడు అడిగేలోపే, పాత సామాను బండి వీధి మలుపులో కేక వేస్తుంది. సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా ఇదే కథ. ఆ పెట్టెను బండెక్కించే ముందు ఓ సంగతి వినండి.

ప్రపంచమంతటా బీటిల్స్ అభిమానులు వెతికే రికార్డుల్లో మనదేశంలో తయారైనవి కొన్ని ఉన్నాయి. పాటలు ఎక్కువగా లండన్‌లో పాడినవే. వాటిని రికార్డులుగా అచ్చొత్తింది మాత్రం కలకత్తా పక్కనున్న డమ్ డమ్‌లో. అభిమానులు వాటికోసం వేలకు వేలు ఎందుకు పోస్తారో తెలియాలంటే అరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

గ్రామఫోన్ రికార్డు మొదట్లో నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల వెడల్పు, ఒక్కో వైపు మూడు మూడున్నర నిమిషాల పాట. మన పాత సినిమా పాటలు చాలామటుకు ఆ నిడివిలోనే ఉండటానికి ఇదో కారణం. 1949లో అమెరికాలో ఏడంగుళాల వినైల్ రికార్డు వచ్చింది. అది నిమిషానికి 45 సార్లే తిరుగుతుంది. తేలిక, కింద పడినా పగలదు, గరగర తక్కువ. ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకోటి. దీన్నే ‘సింగిల్’ అన్నారు. 1960 వచ్చేసరికి బ్రిటన్ కుర్రకారు చేతుల్లో ఉన్నవి ఈ సింగిల్సే. పాత 78ల తయారీ అక్కడ దాదాపు ఆగిపోయింది. బీటిల్స్ బృందం మొదటి సింగిల్ ‘లవ్ మీ డూ’ వచ్చింది 1962 అక్టోబరులో. అంటే బ్రిటన్‌లో వాళ్లు పూర్తిగా 45ల కాలం వాళ్లు.

మరి మన దగ్గరో? డమ్ డమ్ ఫ్యాక్టరీ నడిపిన గ్రామఫోన్ కంపెనీ కూడా బీటిల్స్ పాటలు విడుదల చేసిన ఈఎంఐ సంస్థదే. అక్కణ్నుంచి పాట రాగానే ఇక్కడ 45 రికార్డు వేసేవారు. దాంతోపాటు ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’, ‘కాంట్ బై మీ లవ్’ లాంటివి కొన్ని 78ల మీద కూడా వేశారు. బీటిల్స్ పుట్టిన దేశంలోనే దొరకని 78లు మన దగ్గర తయారయ్యాయన్నమాట!

కారణం కంపెనీకి పాతవాటి మీద మోజు కాదు. మనకు కరెంటు లేకపోవడం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తమ్మీద విద్యుత్తు ఉన్న పల్లెలు సుమారు 1,500. ఆ తర్వాత పదిహేనేళ్లకు కూడా చాలా ఊళ్లలో సంగీతం అంటే కీ ఇచ్చే గ్రామఫోనే. పిడి తిప్పితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, అది వదులవుతూ పళ్లేన్ని తిప్పుతుంది. దానికుండే బరువైన తలకాయ, ఉక్కు సూది మెత్తటి వినైల్‌ను గీరి పారేస్తాయి. దానికి 78 తప్ప ఇంకోటి పనికిరాదు. ఆ మెషిన్లు ఇళ్లలో ఉన్నంతకాలం 78లకు గిరాకీ ఉంది. 1960ల చివరిదాకా మన దగ్గర అవి రావడానికి ఇదే కారణం.

ఇంకో చమత్కారం ఉంది. ఆ 78 రికార్డులో ముఖ్యమైన సరుకు లక్క. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు పెట్టేదే. గాజులకు వాడే లక్క, బొమ్మలకు పూసే లక్క కూడా ఇదే. దశాబ్దాలపాటు ఇంగ్లండు రికార్డుల్లోకి కూడా మన లక్కే వెళ్లింది.

ఇంగ్లిషు పాటల గొంతుల్లోనూ మనదేశంలో పుట్టినవి లేకపోలేదు. 1959లో ‘లివింగ్ డాల్’తో ఊపేసిన క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలో. 1967లో ‘రిలీజ్ మీ’ పాడి బీటిల్స్ సింగిల్‌ను బ్రిటన్‌లో మొదటి స్థానానికి రాకుండా ఆపిన ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మద్రాసులో. మన సినిమా పాటలు తయారైన ఊళ్లోనే!

ఇప్పుడు మన రేకుపెట్టె దగ్గరికి వద్దాం. ఆశపెట్టి మోసం చేయడం నాకిష్టం లేదు. అందులో బీటిల్స్ దొరకడం దాదాపు అసాధ్యం. ఆ రికార్డులు కొన్నవాళ్లు ఎక్కువగా కలకత్తా, బొంబాయి, మద్రాసు లాంటి నగరాల వాళ్లు. బీటిల్స్ మొదటి ఎల్పీ బ్రిటన్‌లో వచ్చింది 1963 మార్చిలో. అదే నెలలో మన దగ్గర ‘లవకుశ’ వచ్చింది. నల్లగొండ జిల్లా జనం ఆ ఏడాది ఏ పాటలు విన్నారో వేరే చెప్పాలా?

పెట్టెలో ఉండేవి అలాంటివే. ఘంటసాల ‘పుష్పవిలాపం’, ఈలపాట రఘురామయ్య పద్యాలు, పౌరాణిక నాటకాల సెట్లు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పెరిగింది, మిల్లులు వచ్చాయి, పెళ్లిళ్లు ఘనమయ్యాయి. పెళ్లింటి మీద బాకా కట్టే మైకు సెట్టు వాళ్లకు చేతినిండా పని. అప్పటికి 45లు, ఎల్పీలు పెట్టెల్లో చేరాయి. ‘ముత్యాలముగ్గు’, ‘దానవీరశూరకర్ణ’ మాటలు జనానికి కంఠతా వచ్చింది సగం ఆ బాకాల వల్లే. 1980ల్లో క్యాసెట్టు వచ్చి అన్నిటినీ అటకెక్కించింది.

నన్నడిగితే మనకు బీటిల్స్ కన్నా ఆ నాటక పద్యాలే విలువైనవి. బీటిల్స్ పాట ఒక్కటీ పోదు, లండన్‌లో భద్రంగా ఉంది. ఆ పద్యాల రికార్డులన్నీ క్యాసెట్లలోకి, సీడీల్లోకి రాలేదు. రానివాటికి మీ అటక మీద ఉన్నదే ఆఖరి ప్రతి కావచ్చు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. బరువుగా ఉండి, గోటితో కొడితే టంగుమంటే అది లక్క రికార్డు. జారితే ముక్కలే. దాన్ని స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. తడి గుడ్డతో గాళ్ల వెంట గుండ్రంగా తుడిచి నీడలో ఆరబెట్టండి, మధ్య కాగితం తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. వంగే రికార్డయితే వినైల్, దాని మీద ఉక్కు సూది పెట్టొద్దు. లక్క రికార్డుకేమో ప్రతి వైపుకీ కొత్త సూది వేయాలి. వాడిన సూదే మళ్లీ వాడితే గాళ్లు అరిగిపోతాయి.

వినే మెషిన్ లేదంటారా? మీ ఊళ్లో పాతకాలం మైకు సెట్టు షాపు ఇంకా ఉంటే ఆ పెద్దాయన్ని కదిపి చూడండి. తిరిగే ప్లేయర్ ఒక్కటి దొరికినా చాలు, మీ సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. ముందు మధ్య కాగితం మీది పేరు, నంబరు ఫొటో తీసుకోండి. అవి లేకపోతే పాడిందెవరో తర్వాత చెప్పడం కష్టం.