గొడ్డలి సరే, కైఫీయతు ఏదీ?



రాతిగొడ్డళ్ళు ఏరి ఇంట్లో దాచుకోవడం నాకు పరిచయమున్న పెద్దమనుషులలో ఈ మధ్య ఒక గౌరవప్రదమైన వ్యాపకమైపోయింది. అల్వాల్ నుండి మేడ్చల్ వైపో శామీర్‌పేట వైపో ప్లాటు చూడటానికి వెళ్తారు. వచ్చేటప్పుడు నున్నటి నల్లరాయి ఒకటి జేబులో వేసుకొని వస్తారు. మర్నాటికి దాని ఛాయాచిత్రం పదిమందికీ చేరుతుంది. "ఆదిమానవుడి ఆయుధం, లక్షల ఏళ్ళ నాటిది" అని క్రింద ఒక వాక్యం. ఆ వాక్యం క్రింద చప్పట్లు, చరిత్రను కాపాడిన మహానుభావులని ప్రశంసలు. ఈ ప్రశంసలతోనే నాకు పేచీ. వీరు కాపాడుతున్నది రాతిని మాత్రమే. చరిత్రను ఆ చెలకలోనే వదిలి వస్తున్నారు, అది మరునాడు ఎవరికీ దొరకదు.

నేను పురావస్తు శాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు పండిత శిక్షణ పొంది, బడిలో పద్యాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ప్రతి, పాఠాంతరం, ప్రక్షిప్తం అన్న మాటల బరువు తెలిసినవాణ్ణి కనుక ఈ విషయంలో నోరు చేసుకొనే అధికారం కొంత ఉన్నదనుకుంటాను. ఒక తాళపత్రాల కట్టలో నుండి అందమైన ఆకు ఒక్కటి లాగి, పటం కట్టించి గోడకు తగిలించుకొన్నవాణ్ణి మనం సాహిత్యసేవకుడు అనము. ఆ ఆకు ఏ గ్రంథంలోది, ముందు ఆకులో ఏమున్నది, చివర గద్యలో కవి పేరేమిటి అని అడుగుతాము. జవాబు లేకపోతే మొగమాటం లేకుండా నాలుగు చీవాట్లు పెడతాము. రాయి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనకు ఆ పట్టింపు ఎందుకు పోయిందో అర్థం కాదు.

మా వీధిలోనే ఒకరి ఇంట అద్దాల బీరువాలో పదకొండు గొడ్డళ్ళు చూశాను. అన్నిటికీ వార్నీషు పూసి ఉన్నది. ఎక్కడివని అడిగాను. "అటు తుర్కపల్లి దాటాక ఎక్కడో మాస్టారూ, గుర్తు లేదు. ఆ రెండూ మా బావమరిది చెలకలోవి. ఇది ఎవరో ఇచ్చారు" అన్నారాయన. మంచి మనిషి, ఆ రాళ్ళను నిజంగానే ప్రేమిస్తారు. కానీ ఆ పదకొండూ పదకొండు అనాథలు. తల్లి పేరు లేదు, ఊరి పేరు లేదు. పైగా ఆ వార్నీషు ఒకటి! గొడ్డలి అంచున ఉండే సన్నని గీతలను సూక్ష్మదర్శినిలో చూచి అది చెట్టు నరికిందా, మట్టి తవ్విందా, అసలు వాడనే లేదా అని చెప్పగలిగే శాస్త్రం ఈనాడు ఉన్నది. వార్నీషు ఆ గీతలను కప్పివేసింది.

"లక్షల ఏళ్ళ" సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. గొడ్డలి అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువులను కలిపివేస్తున్నాము. పాత రాతియుగపు చేతిగొడ్డలికి పిడి లేదు, నునుపు లేదు. గులకరాతిని రెండు ప్రక్కలా చెక్కి పిడికిట పట్టుకొనేందుకు చేసినది. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో అటువంటివి పదిహేను లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేల్చారు. మా వాళ్ళ జేబుల్లోకి చేరే నున్నటి నల్లగొడ్డలి వేరు. అది పశువులను మేపి, పైరు వేసిన కొత్త రాతియుగపు మనుషులది. దక్కనులో స్థూలంగా క్రీ.పూ. 3000 నుండి 1000 వరకు అనుకోవచ్చు. వయస్సు తగ్గిందని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. మన వ్యవసాయానికి, మన పశువుల దొడ్లకు మొదటి పుటలు వారివే. అల్చిన్ దొర 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్విన బూడిద దిబ్బ వారి పశువుల పేడ కాలి కాలి గట్టిపడినదే. అందులో ఆవుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. గిట్ట ముద్రను ఎవరూ జేబులో వేసుకోలేరు కనుక అది బ్రతికిపోయింది.

ఆ గొడ్డలిని చేసిన తీరు ఒకమారు తలచుకోండి. మన గ్రానైటు బండల నడుమ నల్లని గోడలాగా సాగిపోయే డోలరైట్ రాయి ఉంటుంది. దానిని పగులగొట్టి, దిమ్మ తీసి, రెండువైపులా చెక్కి, ఆపైన మరో రాతితో చిన్నచిన్న దెబ్బలు వేసి ఎత్తుపల్లాలు పోగొట్టి, చివరకు నీళ్ళు చల్లి బండమీద నూరుతారు. నూరగా నూరగా బండమీద చాళ్ళు పడతాయి. బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్గల్ గుట్టలమీద ఈ పని పెద్ద ఎత్తున సాగింది. అక్కడ నికోల్ బోయివిన్, రవి కోరిశెట్టర్ ప్రభృతులు చేసిన పరిశోధనకు ఆధారం అందమైన గొడ్డళ్ళు కావు. చెడిపోయి పారవేసిన దిమ్మలు, రాలిన పెచ్చులు. ఏ పని ఏ చోట జరిగింది, ఎంత సరుకు తయారయింది అన్నది వాటి కుప్పలే చెప్పాయి. మన సేకర్తలు ఆ పెచ్చులను కాలితో తన్ని, నున్నటిదాన్ని మాత్రమే ఏరుకొంటారు. రేపు ఎవరైనా పరిశోధకుడు ఆ చెలకకు వస్తే "ఇక్కడ గొడ్డళ్ళు వాడినట్లు లేదు" అని వ్రాసుకొని పోతాడు. వాడి తప్పేమున్నది?

చోటు ఎంత పని చేస్తుందో తెలియాలంటే నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం చూడాలి. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బ్రద్దలైతే దాని బూడిద అక్కడి లోయలో పొరగా పరచుకొన్నది. పెట్రాలియా, కోరిశెట్టర్ బృందానికి ఆ పొర క్రింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. అంత ఉత్పాతం తరువాత కూడా ఆ లోయలో మనుషులు నిలిచారన్న వాదానికి, 2007లో లోకమంతా ఆ ఊరి పేరు పలకడానికి, అదే ఆధారం. ఆ మనుషులు ఎవరన్న చర్చ ఇంకా సాగుతున్నది. ఆ రాళ్ళు చూపుకు ఏమీ గొప్పవి కావు. బూడిదకు పైన, బూడిదకు క్రింద అన్న రెండు మాటలే వాటి విలువ. అవే రాళ్ళు మా వీధి బీరువాలో ఉంటే కంకర.

అభిరుచితో ఏరేవాళ్ళ మీద నాకు పగ లేదు. ఈ శాస్త్రాన్ని మన దేశంలో మొదలుపెట్టినవారిలో పలువురు ఇతర ఉద్యోగాలలో ఉండి ఏరినవారే. రాబర్ట్ బ్రూస్ ఫూట్ భూగర్భ శాఖ ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు తొలి చేతిగొడ్డలి దొరికింది. తరువాత దశాబ్దాలపాటు దక్షిణాదిని కాలినడకన, గుర్రం మీద తిరిగి ఏరినదంతా మద్రాసు మ్యూజియం కొన్నది. 1914లో, 1916లో దాని జాబితాలు అచ్చయ్యాయి. ఊరూరి పేరుతో, ఏ గుట్ట, ఏ వాగు అన్న వివరంతో ఉన్నాయి. నూరేళ్ళ తరువాత కూడా వాటిని పట్టుకొని ఆ గుట్ట ఎక్కవచ్చు. మన కర్నూలు సీమలో కామియేడ్ అనే ఆయన నల్లమల అంచుల్లో ఏరాడు. వాగుల ఒడ్డున ఏ మట్టిపొరలో ఏ రాయి ఉన్నదో గుర్తుపెట్టుకొని ఏరాడు కనుకనే, 1930లో బర్కిట్‌తో కలిసి ఆంధ్రదేశపు రాతియుగాలను నాలుగు వరుసలుగా విడదీసి చెప్పగలిగాడు. అతని వర్గీకరణలో తరువాతివారు మార్పులు చేశారు. చేయగలిగారంటే అతడు పొర వ్రాసిపెట్టాడు కనుకనే.

ఇంకొక సంగతి. ఫ్రాన్సులో బూషే ద పెర్త్ అనే సుంకపు అధికారి నదీ కంకరలో చేతిగొడ్డళ్ళు దొరుకుతున్నాయని ఏళ్ళతరబడి మొత్తుకొన్నా పండితులు నమ్మలేదు. 1859 ఏప్రిల్ 27న ప్రెస్ట్‌విచ్, ఇవాన్స్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు సాంత్ అషూల్ గుంటలో గొడ్డలి కంకరలో ఇరుక్కొని ఉండగానే, పెకలించక ముందే, ఛాయాచిత్రం తీయించారు. అంతటితో మానవుడి ప్రాచీనతను గురించిన వాదం మలుపు తిరిగింది. తీశాక తీసిన చిత్రాలు వేయి ఉన్నా ఆ పని జరిగేది కాదు. అదే బూషే ద పెర్త్ మనిషి ఎముకకు బహుమానం ఇస్తానని కూలీలకు ఆశ పెట్టాడు. 1863లో మూలాన్ కినోఁ గుంటలో దవడ ఎముక "దొరికింది". కూలీలే ఎక్కడిదో తెచ్చి పాతిపెట్టారని పరీక్షలో తేలింది. గొడ్డలికి వెల కట్టి కొంటున్న నేటి ఔత్సాహికులు ఈ కథను రెండుసార్లు చదువుకొంటే మంచిది. డోలరైట్ మన దగ్గర ఇంకా ఉన్నది, నూరే యంత్రాలూ ఉన్నాయి.

ఇక వారి అసలు వాదం. "మేము తీయకపోతే జేసీబీ నలిపేస్తుంది కదా, మాస్టారూ?" ఇది బలమైన మాటే. కాదనను. 2007లో మా అల్వాల్ మహానగర పాలక సంస్థలో కలిసిన తరువాత ఈ వైపు చెలకలు వెంచర్లుగా మారిన వేగం కళ్ళారా చూస్తున్నాను. గొడ్డలికి పుట్టినిల్లయిన ఆ నల్లరాయే నేడు బ్లాక్ గ్రానైట్ అన్న పేరుతో కోసుకుపోయి వంటింటి గట్టుకు వస్తున్నది. కుప్గల్ గుట్టలనే క్వారీలు వదలలేదు. మాకు దగ్గరలో హష్మత్‌పేటలో రాకాసిగూళ్ళు ఉన్నాయి, ఇనుప యుగపు సమాధులు. రక్షిత స్థలమని పేరు. ఆక్రమణల సంగతి పత్రికలు పలుమార్లు వ్రాశాయి. రక్షణ ఉన్న చోటే అట్లా ఉంటే పేరులేని చెలక గతి వేరే చెప్పాలా? జేసీబీ ముందర పడి ఉన్న గొడ్డలిని తీయవద్దని నేను ఎన్నడూ అనను. తీయండి. కానీ తీయడానికి ముందు అయిదు నిమిషాలు ఆగి వ్రాయండి అంటున్నాను. ఆ అయిదు నిమిషాలు జేసీబీ ఆపలేదు, వారి బద్ధకం ఆపింది.

అధికారులకు చెప్పవచ్చు గదా అంటారు. చెప్పాను. ఒకచోట మొరం తవ్వుతుంటే రెండు గొడ్డళ్ళూ బూడిదరంగు కుండపెంకులూ బయటపడ్డాయని ఒక కార్యాలయానికి వ్రాతమూలకంగా తెలిపి మూడుమార్లు తిరిగాను. "బంగారం గాని, విగ్రహం గాని ఉన్నదా పంతులుగారూ?" అని అడిగారు. లేదన్నాను. కాగితం పుచ్చుకొన్నారు. నేటివరకు ఉలుకూ లేదు పలుకూ లేదు. వారిని అనే ముందు మన చట్టాన్ని చూడాలి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. రాతిగొడ్డలి విలువ ఎన్ని రూపాయలని కడతారు? 1972 నాటి పురావస్తువుల చట్టం అనుమతి లేని వ్యాపారాన్నీ, ప్రైవేటు ఎగుమతినీ నిషేధించింది. చెలకలో నుండి పెకలించే చేతిని మాత్రం అది కూడా ఊరూరా తిరిగి పట్టుకోలేదు కదా.

చదువురాని పల్లెటూరివాళ్ళు మనకంటే నయం అనిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఉత్తరాన బాందా ప్రాంతంలో రివెట్ కర్నాక్, కాక్‌బర్న్ అనేవారికి ఇటువంటి గొడ్డళ్ళు చెట్ల మొదట్లో, గుళ్ళ దగ్గర దేవుళ్ళ సరసన కనిపించాయి. పిడుగుతో పాటు ఆకాశం నుండి పడిన రాళ్ళని లోకంలో చాలాచోట్ల నమ్మేవారు. నమ్మకం తప్పే కావచ్చు. కానీ ఊరి చెట్టు క్రింద పెట్టిన రాయి ఆ ఊరి పొలిమేర దాటదు. కారు డిక్కీలో పెట్టినది దాటుతుంది.

కావలసినదేమిటి? కైఫీయతు. మెకంజీ దొర కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ తక్కిన సహాయకులూ ఊరూరి కథలు, లెక్కలు వ్రాయించి పెట్టారు. వాటిలో పుక్కిటి పురాణాలు కూడా ఉన్నాయి. అయినా ప్రతి కైఫీయతుకూ ఒక ఊరు ఉన్నది, అందుకే రెండువందల ఏళ్ళ తరువాత పనికివస్తున్నది. గొడ్డలికి కూడా అంతే. ఏ ఊరు, ఏ మండలం, పహాణీలో సర్వే నంబరు ఎంత. నేలమీద దొరికిందా, తవ్వితే ఎంత లోతున. ఏ రంగు మట్టి. ప్రక్కన పెంకులు, ఎముకలు, బూడిద, పెచ్చులు ఏమున్నాయి. తేదీ ఏది, చూపినవారెవరు. కదల్చక ముందు ఒక ఫొటో. చేతిలో ఉన్న ఫోనే చోటు అక్షాంశ రేఖాంశాలను చెబుతుంది. ఫూట్ దొరకు ఈ సౌకర్యం లేదు. ఆ చీటీలోని సంఖ్యను రాతిమీద ఓ మూల చిన్నగా వేస్తే చాలు. వార్నీషు వద్దు, నూనె వద్దు, తోమడం వద్దు.

సర్వే నంబరు కంటె చెలక పేరు ముఖ్యం. పాటి అంటే ఒకప్పుడు ఊరుండి పాడైన చోటు. ఆ మన్ను బలమైనదని రైతులు తోలుకొనేవారు. బేగంపేట దగ్గర పాటిగడ్డ అన్న పేరు ఇంకా బ్రతికి ఉన్నది. మా వైపు చెలకల పేర్లకు ఆ అదృష్టం లేదు. వెంచర్ వేసినవాడు మొదట తీసేది చెట్టును, తరువాత తీసేది పేరును. దాని స్థానంలో ఏదో ఎన్‌క్లేవ్ అని బోర్డు పెడతాడు. ఫలానా పాటిచెలకలో దొరికిందన్న ఒక్క ముక్క పరిశోధకుణ్ణి తిన్నగా అక్కడికి తీసుకొనిపోతుంది. ఎన్‌క్లేవ్ ఫేజ్ టూ అంటే వాచ్‌మన్ దాకానే తీసుకొనిపోతుంది.

అందుచేత మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాల పాతపేర్లు నోటికి వచ్చిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, ఈ ఆదివారమే వారి దగ్గర కూర్చొని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. గొడ్డళ్ళ సంగతి ఆ తరువాత చూద్దాం.