సంచులు కొనే ముందు బరువుతో తొక్కి చూద్దాం



ఈ వార్షికోత్సవం తర్వాత మన హాస్టల్ పిల్లలను కరీంనగర్ నుంచి కేస్లాపూర్ నాగోబా జాతరకు సైకిళ్ల మీద తీసుకుపోవాలని పూర్వ విద్యార్థులం అనుకున్నాం. చందాలు కూడా జమవుతున్నాయి. ఆ డబ్బుతో ఏం కొనాలన్న దగ్గరే నాకు పేచీ ఉంది. సమావేశంలో నలుగురి ముందు సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మిత్రులు ‘బైక్‌ప్యాకింగ్’ సంచులు కొందామన్నారు. వెనక క్యారేజీ లేకుండా హ్యాండిల్‌కు ఒకటి, సీటు కింద ఒకటి, ఫ్రేము త్రికోణంలో ఒకటి కట్టుకునే సంచులవి. ఒక్కొక్కటి వేలల్లో ఉంది. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ పిల్లలు తొక్కబోయే సైకిళ్లలో ఎన్నింటికి బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో ఆ రోజు ఒక్కరూ అడగలేదు.

నేను ఇట్లా మాట్లాడటానికి కారణం ఉంది. 2003 జనవరి చివర, ఇంటర్ రెండో సంవత్సరంలో, నలుగురం ఇదే జాతరకు ఇదే దారిన బయలుదేరాం. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారం. బయలుదేరే ముందు సైకిల్ టాక్సీ దుకాణంలో గాలి కొట్టించి, హాస్టల్ గ్రౌండులో రెండు చుట్లు తిరిగాం. అదే మా పరీక్ష. ఉత్త సైకిళ్లతో తిరిగాం. తెల్లారి క్యారేజీల మీద బియ్యం, గిన్నె, చద్దర్లు, ఒకడైతే రేకు పెట్టె కూడా కట్టాడు. (గైడు పుస్తకాలు అందులో ఉన్నాయట. జాతరలో చదువుతాడట!)

ఇంధనపల్లి దాటాక అడవిలో ఒక దిగుడు. పొద్దున మంచుకు తడిసిన నారతాడు ఎండకు ఆరి వదులైంది. మేమెవరం చూసుకోలేదు. తాడు కొస జారి వెనక చక్రం స్పోకులలో చుట్టుకుంది. చక్రం పట్టేసింది. మా మిత్రుడు సైకిలుతో సహా బోర్లా పడ్డాడు, పైన ఆ పెట్టె. కుడి ముంజేయి ఎముక విరిగింది. గంటసేపు ఒక్క బండి రాలేదు. చివరికి జాతరకు పోతున్న గోండు కుటుంబం వాళ్ల ఎడ్లబండిలో ఎక్కించుకుంది. ఆ పెద్దాయన మా సామాను చూసి, “ఇంత బరువెందుకు బిడ్డా?” అన్నాడు. ఆయన బండిలో ఐదారుగురి సామాను ఉంది, గుంతల్లో పడినా ఒక్కటి కదల్లేదు.

మార్చిలో పరీక్షలు. రాసే చేతికే కట్టు. ఆ ఏడు అతను పరీక్ష రాయలేదు. మన పిల్లలకు ఒక సంవత్సరం పోతే ఇంట్లో ఏమవుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. “చదువు నీతోని కాదు, పనికి పో” అని వాళ్ల నాయన అన్నాడు. అతన్ని మళ్లీ హాస్టల్‌కు తేవడానికి మేం ముగ్గురం మూడుసార్లు వాళ్ల ఊరికి పోయాం.

మన పిల్లలకు ఇవన్నీ ఎందుకు, ఇంట్లో ఉండి చదువుకుంటే చాలదా అనేవాళ్లున్నారు. వారితో నేను ఏకీభవించను. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అయితే వాళ్లను నేరుగా అక్కడికి పంపలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ ఇచ్చి చూసిన తర్వాతే పంపారు.

సైకిళ్ల విషయంలో ఇంకా పాత ముచ్చట ఒకటుంది. అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికుల 25వ పదాతి దళం ఉండేది. అధికారి మాత్రం తెల్లవాడు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్. 1897 జూన్ 14న ఆ దళం నుంచి 20 మంది సైనికులు మోంటానా రాష్ట్రంలోని మిసౌలా నుంచి సైకిళ్ల మీద బయలుదేరి, సుమారు 1,900 మైళ్లు తొక్కి జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. హ్యాండిల్‌కు దుప్పటి చుట్ట, ఫ్రేము మధ్యలో పెట్టె. ఇప్పుడు కొత్తది అంటున్న పద్ధతి వాళ్లు అప్పుడే వాడారు. అంతకు ముందటి ఏడు, 1896లో, ఎనిమిది మంది బరువులతో మొదట మెక్‌డొనాల్డ్ సరస్సు దాకా, ఆ తర్వాత ఎల్లోస్టోన్ దాకా పోయి వచ్చారు. ఏది విరుగుతుందో, ఏది అనవసరమో ఆ దారుల్లోనే తేలింది.

కనుక నా ప్రతిపాదన ఇది. చందా డబ్బు మొదట బ్రేకు షూలకు, వెనక టైర్లకు, హెల్మెట్లకు, ముందూ వెనకా లైట్లకు పోవాలి. వీటిలో పొదుపు వద్దు. మన స్టీలు రిమ్ములు తడిస్తే రబ్బరు షూ సగం కూడా పట్టదు. దాన్ని బకెట్టు నీళ్లు పోసి హాస్టల్ గేటు ముందే చూడొచ్చు. ఎవరి సైకిల్ ఎంత దూరంలో ఆగుతుందో సున్నంతో గీత గీయండి. తర్వాత వెనక బరువు కట్టి మళ్లీ చూడండి. గీత ఎంత ముందుకు జరిగిందో కళ్లకే కనిపిస్తుంది.

సంచులు మనమే కుట్టించవచ్చు. పాత జీన్స్ గుడ్డ, లోపల కడిగిన యూరియా బస్తా ప్లాస్టిక్ వేస్తే దర్జీ ఒక పూటలో ఫ్రేము సంచి కుట్టి ఇస్తాడు. లోపల ఒక నోటుపుస్తకం పెట్టి పది నిమిషాలు నల్లా కింద ఉంచండి. పుస్తకం తడిస్తే కుట్ల మీద మైనం రుద్ది మళ్లీ పెట్టండి. బరువైనవి, అంటే నీళ్లు, పానా, పంపు ఫ్రేము మధ్యలోకి రావాలి. దుప్పటి హ్యాండిల్‌కు. నారతాడు అసలే వద్దు. పాత ట్యూబును పట్టీలుగా కోసి కట్టండి, అది సాగి బిగిసి ఉంటుంది. పగుళ్లున్న ట్యూబైతే పారేయండి. కట్టాక వేలాడే కొసలు లోపలికి దోపాలి. ఇది నేను పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి.

దుప్పటి సంగతి కూడా చూడాలి. పుష్యమాసంలో ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు రాత్రి 10 డిగ్రీల కిందికి పోవడం మామూలే. హాస్టల్ చద్దరు ఒక్కటి చాలదు. చాలుతుందో లేదో ఒక రాత్రి డాబా మీద పడుకుంటే తెలిసిపోతుంది. వార్డెన్ సార్ అనుమతి తీసుకోండి.

ఇక సామాను ఎంత తగ్గాలన్నది మెస్రం వంశీయులను చూసి నేర్చుకోవాలి. జాతరకు ముందు ఏటా కేస్లాపూర్ ప్రాంతం నుంచి జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. అంత దూరం తిరిగేవాళ్ల మూటలు చూడండి, మన సంచులు చూడండి.

వార్షికోత్సవం తర్వాతి ఆదివారం అందరం పూర్తి బరువుతో ఎల్గందుల కోట దాకా పోయి వద్దాం. పది పదిహేను కిలోమీటర్లే. ఆపై వారం వేములవాడ, ఒక రాత్రి ఉండి రావాలి. ఈ రెండింట్లో ఎవరి మూట జారినా, ఎవరి బ్రేకు పట్టకపోయినా కేస్లాపూర్ ఒక సంవత్సరం ఆగుతుంది. నాగోబా ఎక్కడికీ పోడు. పంపు, పంక్చర్ సామాను నేను తెస్తాను. ఆనాటి మా మిత్రుడు మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయ్యాడు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. అతనూ ఎల్గందులకు వస్తానన్నాడు. సైకిల్ మాత్రం ఎక్కడట, మన వెనక ఆటోలో వస్తాడట. మన సైకిళ్లకు వేలాడే తాళ్లు అతనే చూస్తాడు.