ఓటు పత్రంలో లేని పేరు

బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు పిల్లల్ని తీసుకుని డడ్లీలోని బ్లాక్ కంట్రీ మ్యూజియంకి ఒక్కసారైనా వెళ్ళే ఉంటారు. ట్రామెక్కి, మిఠాయి కొట్టు చూసి వచ్చేస్తాం. ఈసారి వెళ్తే వర్కర్స్ ఇన్‌స్టిట్యూట్ భవనం ముందు కాసేపు ఆగండి. అది మొదట క్రాడ్లీ హీత్‌లో ఉండేది. గొలుసులు చేసే ఆడవాళ్ళ సమ్మె నిధిలో మిగిలిన డబ్బుతో 1912లో కట్టారు.

ఆ ఊళ్ళో పెరట్లోనే కొలిమి. పిల్లల్ని పక్కనే పెట్టుకుని, ఇనుప కడ్డీ కాల్చి, సుత్తితో కొట్టి లంకెలు కలిపేవారు. 1910లో గంటకు రెండున్నర పెన్నీల కనీస కూలి నిర్ణయమైంది. వారానికి 54 గంటలు లెక్కేస్తే 135 పెన్నీలు, అంటే 11 షిల్లింగుల 3 పెన్నీలు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, చాలామందికి అది అప్పటిదాకా వచ్చేదానికి దాదాపు రెట్టింపు! యజమానులేమో పాత కూలికే చేస్తామని కాగితాలు రాయించుకోవడం మొదలెట్టారు. చదువురాని వాళ్ళకి అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

అప్పుడు వాళ్ళ వెనక నిలబడింది మేరీ మకార్థర్. 1880లో గ్లాస్గోలో పుట్టింది, తండ్రి బట్టల కొట్లో లెక్కలు రాసింది. 1906లో ఆడ కార్మికులకని దేశవ్యాప్త సంఘం పెట్టింది. ఆమెలో నాకు నచ్చేది ఉపన్యాసం కాదు, బుర్ర. అప్పుడప్పుడే వస్తున్న సినిమా వార్తల్లో ఈ ఆడవాళ్ళని చూపించింది. 79 ఏళ్ళ పేషెన్స్ రౌండ్ అనే ముసలమ్మ సంగతి పత్రికల్లోకెక్కింది. విరాళాలు నాలుగు వేల పౌన్లదాకా వచ్చాయి. పది వారాలకు యజమానులందరూ దిగొచ్చారు.

ఇంట్లో చేసే పనికి వెల కట్టడం మనకిప్పటికీ రాదు. ఆర్డర్ల మీద సున్నుండలు, పచ్చళ్ళు చేసి ఇచ్చేవాళ్ళని అడగండి. మినప్పప్పు, నెయ్యి, సీసాల ఖర్చు పైసాతో సహా చెప్తారు. పొయ్యి దగ్గర నిలబడ్డ గంటలు మాత్రం లెక్కలో ఉండవు. "ఇంట్లో ఖాళీగానే ఉంటాం కదండీ" అంటారు!

మేరీ 1911లో విలియం ఆండర్సన్‌ని పెళ్ళి చేసుకుంది. అయినా జనానికి ఆమె మేరీ మకార్థరే. 1918లో ఆడవాళ్ళు పార్లమెంటుకు పోటీ చేయడానికి మొదటిసారి వీలు దొరికింది. ఆమె స్టౌర్‌బ్రిడ్జ్‌లో నిలబడింది. ఎన్నికల అధికారి పట్టుబట్టి ఓటు పత్రంలో 'మిసెస్ డబ్ల్యు.సి. ఆండర్సన్' అని వేయించాడు. అన్నీ మొగుడి అక్షరాలే, ఊరంతా ఎరిగిన పేరు లేదు. ఓడిపోయింది. పేరొక్కటే కారణమని నేననను. యుద్ధాన్ని వ్యతిరేకించిన వాళ్ళంటే ఆ ఏడు జనానికి మంట. ఆమె భర్త కూడా ఓడిపోయాడు. కానీ పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఆధార్‌లో ఇనీషియలు, బ్యాంకులో ఆయన పేరు మోస్తున్న మనకి ఆ కాగితం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడే ఫ్లూ జ్వరంలో భర్త పోయాడు. 1921 జనవరి 1న క్యాన్సర్‌తో ఆమే పోయింది. అప్పటికి ఆమెకి 40 ఏళ్ళు, కూతురికి ఐదు. క్రాడ్లీ హీత్‌లో ఇప్పుడొక పార్కుంది. దాని పేరు మేరీ మకార్థర్ గార్డెన్స్.