ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల లెక్క ప్రజలకు చెప్పరా?

2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ తన రోజువారీ విలేకరుల సమావేశాల్లో ఒక లెక్కను ప్రత్యేకంగా వినిపించేది. కరోనా కేసుల్లో ఢిల్లీ మర్కజ్‌తో ముడిపడినవి ఎన్ని అన్నదే ఆ లెక్క. వ్యాధికి మతాన్ని అంటగట్టిన ప్రచారం దాని వెంటే ఊరూరా పాకింది. అదే సంవత్సరం ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. వారిని బలిపశువులను చేయడానికి ఎంచుకున్నట్లు కనబడుతున్నదని వ్యాఖ్యానించింది. ఆ తీర్పును గుర్తుచేసుకొని ఊరుకుంటే చాలదు. ఒక సమాజం పేరుమీద అంటువ్యాధిని అంత శ్రద్ధగా లెక్కించిన యంత్రాంగం, ఆసుపత్రిలో చేరిన తరువాత రోగికి కొత్తగా సోకే ఇన్ఫెక్షన్ల లెక్కను ప్రజల ముందు ఎందుకు ఉంచదు?

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, మన వంటి అల్ప, మధ్యాదాయ దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి చికిత్సా కాలంలోనే కనీసం ఒక ఇన్ఫెక్షన్ సోకుతున్నది. సంపన్న దేశాల్లో ఆ సంఖ్య 7. సోకినవారిలో సగటున పది మందికి ఒకరు మరణిస్తున్నారు. సిజేరియన్ కుట్లకు చీము పట్టిన బాలింత, సెలైన్ సూది గుచ్చిన చోట చెయ్యి వాచిన వృద్ధుడు, బొడ్డు పుండై జ్వరం వచ్చిన పసికందు, వీరంతా ఆ లెక్కలోని మనుషులే. మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లే మన కుటుంబాలకు అదనంగా పది రోజుల మంచమంటే పది రోజుల కూలి పోవడం, అప్పు పెరగడం.

పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, 2015 ఆగస్టులో, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఎలుకలు కరిచి పది రోజుల పసికందు మరణించాడు. మాచర్ల నుంచీ గురజాల నుంచీ ప్రాణం మీదికి వచ్చినవారిని పంపే పెద్దాసుపత్రి అదే. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే శిబిరంలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా, ఇన్ఫెక్షన్‌తో నలుగురు తల్లులు మరణించారు. ఈ రెండు ఘటనలూ మరణాల తరువాతనే విచారణకు వచ్చాయి. మదింపు మరణానికి ముందు జరగవలసిన పని.

మదింపులు లేవా అంటే ఉన్నాయి. 2015లో కేంద్రం ప్రారంభించిన కాయకల్ప పథకంలో ఆసుపత్రి తనకు తానే మార్కులు వేసుకుంటుంది, తరువాత సాటి ఆసుపత్రివారు, ఆపైన బయటి బృందం పరిశీలిస్తారు. 70 శాతం దాటితే పురస్కారానికి అర్హత. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్దలో ఎనిమిది అంశాలు, 800 మార్కులు ఉన్నాయి. సిబ్బందికి శిక్షణ, సోకిన ఇన్ఫెక్షన్లపై నిఘా, మంచానికి ఒకే రోగి, నీటి వసతి అన్నీ అందులోకి వస్తాయి. కొలబద్దకు కొరత లేదు. కొలిచినది ఎవరికి చెబుతున్నారన్నదే వివాదం. తనిఖీకి ముందురోజు ఫినాయిల్ వాసన గుబాళించి, మరునాడు చేతులు కడిగే చోట సబ్బు మాయమైతే ఆ మార్కులకు అర్థం లేదు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాగా ఒక్కమాట చెప్పగలను. పైఅధికారి మాత్రమే చదివే నివేదికను పైఅధికారి కోసమే రాస్తారు. ప్రజలు చదువుతారని తెలిసిన నివేదిక వేరుగా ఉంటుంది.

రోగుల వెంట వచ్చే జనం వల్లనే మురికి పెరుగుతున్నదని కొందరు అంటారు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే ఇంటివారికి చేతులు కడుక్కోవడం కొత్తగా నేర్పనక్కరలేదు. కుళాయిలో నీళ్లుండాలి. నర్సుల కొరతను సాకుగా చూపేవారికీ ఇదే సమాధానం. ఒక్క నర్సు ఎంతమంది రోగులను చూస్తున్నదో కూడా మదింపులో భాగమే, ఆ లెక్క బయటపడితే మొదట మేలు జరిగేది ఆ నర్సుకే. చేతితొడుగులు లేకుండా రక్తం అంటిన దూదిని ఎత్తే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకూ మేలు జరుగుతుంది. వారిలో మనవారూ ఉన్నారు.

అడిగే హక్కు చట్టంలోనే ఉన్నది. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రతి ఆసుపత్రీ తన వార్షిక నివేదికను వెబ్‌సైటులో ఉంచాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రుల గురించి ప్రభుత్వం చట్టప్రకారం రాబట్టగల సమాచారాన్ని కూడా అదే చట్టం కింద కోరవచ్చు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు, మహిళా సంఘాలు తమ పట్టణంలోని ఆసుపత్రికి ఈ ప్రశ్నలు పంపాలి. గత 12 నెలల్లో ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది? ఎన్ని సిజేరియన్లు జరిగాయి, ఎందరికి కుట్లు చీము పట్టాయి? పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ పనితీరును ఏయే తేదీల్లో పరీక్షించారు? చివరి మదింపులో ఇన్ఫెక్షన్ నియంత్రణకు విడిగా ఎన్ని మార్కులు వచ్చాయి?

ఈ జవాబులను ప్రతి మూడు నెలలకు ఒకసారి ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన, తెలుగులో, పెద్ద అక్షరాలతో అతికించాలన్నదే మన డిమాండు కావాలి. అది ముస్లింలకు మాత్రమే కోరే రాయితీ కాదు, ఆ వరుసలో నిలబడే ప్రతివారి హక్కు. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఒక్కొక్క దరఖాస్తు ఈ నెలలోనే పడాలి. జవాబు రాకపోతే అప్పీలుకు వెళదాం.